ఎత్తుపల్లాల దారిలో ఒంటరి సైకిలు ప్రయాణం



డెబ్బై యేళ్ళు దాటినవారు ఒంటరిగా సైకిలుపై దూరం వెళ్ళవచ్చునా అని నన్ను పలువురు అడుగుతూ ఉంటారు. అడిగేవారిలో నా ఈడువారు కొందరు, తల్లిదండ్రుల గురించి ఆందోళన పడే సంతానం కొందరు. మా ఇంట్లో ఈ ప్రశ్న మరింత సూటిగా వస్తుంది. “దారిలో మీకేమైనా అయితే చూసేదెవరండీ?” అని నా శ్రీమతి అడుగుతుంది. ప్రభుత్వ ఆసుపత్రులలో రోగుల ప్రశ్నలకు సమాధానాలు చెబుతూ ఉద్యోగ జీవితమంతా గడిపిన నాకు, ఈ ప్రశ్నకు ఒక్క వాక్యంలో సమాధానం చెప్పడం సాధ్యపడలేదు. అందుకే ఇంత వ్యాసం.

ప్రతి సంవత్సరం కార్తీక మాసంలో, వానలు వెనుకబట్టి చలి ఇంకా ముదరని రోజులలో, వికారాబాదు నుండి కోట్‌పల్లి జలాశయం వరకు ఒంటరిగా సైకిలుపై వెళ్ళి వస్తాను. రానూపోనూ 45 కిలోమీటర్లకు అటూయిటూగా ఉంటుంది. అలవాటున్న యువకులకు ఇది రెండు గంటల పని. 73వ యేట నాకు విరామాలతో కలిపి నాలుగున్నర గంటలు పట్టింది. ఆ ప్రయాణాన్ని ఆధారంగా చేసుకొని, ఎత్తుపల్లాల దారి వయసు మళ్ళిన శరీరాన్ని ఎలా పరీక్షిస్తుందో, ఆ పరీక్షకు మనం ఎలా సిద్ధపడాలో వివరిస్తాను.

దారి స్వరూపం

వికారాబాదుకు పడమట అనంతగిరి కొండలు ఉన్నాయి. హైదరాబాదు నగరం గుండా పారే మూసీ నది పుట్టిల్లు ఇదే. ఈ కొండల తూర్పు వాలున పడిన వాన మూసీలో చేరి, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. పడమటి వాలున పడిన వాన కాగ్నా నదిలో చేరి, భీమానది మీదుగా అదే కృష్ణకు చేరుతుంది. ఒకే కొండపై పడిన రెండు చినుకులు వేర్వేరు దారులలో వందల కిలోమీటర్లు తిరిగి, చివరకు ఒకే నదిలో కలుస్తాయన్నమాట.

నేల ఎర్రనిది. చిల్లులు చిల్లులుగా ఉండే ఈ ఎర్రరాయిని భూగర్భ శాస్త్రజ్ఞులు లాటరైట్ అంటారు. దక్కను పీఠభూమి నల్లరాయి లక్షల సంవత్సరాలు ఎండకూ వానకూ శిథిలమై ఇలా మారింది. పట్టణం దాటగానే దారి అడవిలోకి ఎక్కుతుంది. అనంతపద్మనాభస్వామి ఆలయం దాటిన తరువాత ఘాట్ రోడ్డు మలుపులు తిరుగుతూ కెరెల్లి వైపు దిగుతుంది. అక్కడి నుండి ధారూర్ మీదుగా జలాశయం వరకు దారి అలలవలె లేస్తూ పడుతూ సాగుతుంది. ఇరువైపులా పత్తి, మొక్కజొన్న, కంది చేలు. ఈ ప్రాంతపు తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. నేను వెళ్ళిన రోజున కంది పసుపుపచ్చని పూతతో, అక్కడక్కడ లేత కాయతో ఉన్నది.

ఈ దారిలో ఒక విశేషాన్ని పాఠకులు గమనించాలి. వెళ్ళేటప్పుడు ఘాట్ రోడ్డును సునాయాసంగా దిగిపోతాము. అందులోని కష్టమంతా తిరుగు ప్రయాణంలో, శరీరం అలసిన తరువాత, ఎండ ఎక్కిన తరువాత ఎదురవుతుంది. బయలుదేరిన గంటలో మనకు కలిగే ఉత్సాహాన్ని నమ్మి ఈ దారిలో లెక్కలు వేసుకోరాదు.

నిల్వ అంటే ఏమిటి?

వయసు పెరిగే కొద్దీ శక్తి తగ్గుతుందని అందరూ అంటారు. వైద్యుడిగా నేను ఆ మాటను కొంచెం సవరించి చెబుతాను. ముందుగా తరిగేది నిల్వ. కుర్చీలో కూర్చొని ఉన్న ఆరోగ్యవంతుడైన పాతికేళ్ళ యువకుడి నాడి, డెబ్బై మూడేళ్ళ వృద్ధుడి నాడి దాదాపు ఒకే వేగంతో, నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటూ ఉండవచ్చు. విశ్రాంతిలో ఇద్దరికీ తేడా తెలియదు. ఎత్తు ఎక్కవలసి వచ్చినప్పుడు యువకుడి గుండె నిమిషానికి 190 వరకు వెళ్ళగలదు. 208 నుండి వయసులో పదింట ఏడు వంతులను తీసివేయడం ఒక అంచనా సూత్రం. దాని ప్రకారం నా గుండెకు గరిష్ఠ వేగం 157 దగ్గర ఆగిపోతుంది. ఇది సగటు అంచనా మాత్రమే. వ్యక్తికీ వ్యక్తికీ పది పన్నెండు స్పందనల తేడా సాధారణం.

విశ్రాంతి స్థాయికీ గరిష్ఠ స్థాయికీ నడుమ ఉన్న ఈ జాగానే నిల్వ అంటున్నాను. ఇటువంటి నిల్వలు ఒంట్లో చాలా ఉన్నాయి. ఊపిరితిత్తులకు ఉంది. నీటినీ ఉప్పునూ సరిచూసే మూత్రపిండాలకు ఉంది. ఒంటి వేడిని బయటకు పంపే చర్మానికి ఉంది. లేచి నిలబడగానే రక్తపోటు పడిపోకుండా సర్దే నాడీ వ్యవస్థకు ఉంది. వార్ధక్యంలో ఇవన్నీ ఒక్కొక్కటిగా సన్నగిల్లుతాయి. ఇంట్లో ఉన్నంతసేపు ఆ సంగతి మనకు తెలియదు. సమతలమైన దారి కూడా ఆ సంగతిని పెద్దగా బయటపెట్టదు. ఎత్తుపల్లాల దారి మాత్రం ప్రతి పది నిమిషాలకూ ఒకసారి మన నిల్వ ఎంత ఉన్నదో అడుగుతుంది.

పక్కన తోడు ఉంటే వారి నిల్వను మనం కొంత వాడుకోవచ్చు. నీళ్ళు అయిపోతే ఇస్తారు, కళ్ళు తిరిగితే పట్టుకుంటారు. ఒంటరి ప్రయాణికుడికి తన నిల్వ తప్ప మరేదీ లేదు. కాబట్టి దాన్ని చివరి వరకు ఖర్చు చేసే హక్కు కూడా అతనికి లేదు. నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న ప్రధాన విషయం ఇదే.

ఎక్కుడు

ముందు కొంచెం లెక్క. మనిషి బరువు 70 కిలోలు, సైకిలూ సామానూ కలిపి 12 కిలోలు అనుకుందాం. 100 మీటర్ల ఎత్తు ఎక్కడానికి, గాలి ఒత్తిడినీ టైర్ల రాపిడినీ లెక్కలోకి తీసుకోకుండానే, శరీరం 80 నుండి 90 కిలోకేలరీలు ఖర్చు చేయాలి. కండరాలు వాడుకున్న శక్తిలో నాలుగో వంతుకు లోపే చక్రాన్ని తిప్పుతుంది. మిగిలినదంతా వేడిగా మారుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు వేగం తక్కువ గనుక ఒంటికి గాలి తగలదు. ఆ వేడి అంత త్వరగా బయటకు పోదు. చలికాలపు ఉదయాన కూడా ఎక్కుడులో చెమటలు పట్టడానికి కారణం ఇదే.

అందుచేత గేర్లున్న సైకిలు తప్పనిసరి. నాది వంపు హ్యాండిలు గల రోడ్డు సైకిలే గాని, వెనుక చక్రానికి పెద్ద పళ్ళ చక్రాన్ని వేయించుకున్నాను. దానితో తొక్కే వేగం తగ్గకుండా, మోకాళ్ళపై భారం పడకుండా నెమ్మదిగా ఎక్కవచ్చు. పెద్ద గేరులో బలంగా తొక్కడం మోకాటి చిప్ప వెనుక ఒత్తిడిని పెంచుతుంది. సీటు ఎత్తు కూడా ముఖ్యం. పెడలు అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. సీటు మరీ కిందికి ఉంటే నొప్పి మోకాటి ముందు భాగంలో, మరీ పైకి ఉంటే వెనుక భాగంలో వస్తుంది.

ఎంత కష్టపడుతున్నామో కొలిచేదెలా? ఛాతీకో చేతికో కట్టుకొనే పరికరాలు ఉన్నాయి. అయితే రక్తపోటుకూ గుండెజబ్బుకూ బీటా బ్లాకర్ మందులు వాడేవారిలో ఎంత శ్రమించినా నాడి వేగం మామూలుగా పెరగదు. వారు ఆ అంకెను నమ్మరాదు. అందరికీ పనికివచ్చే కొలత మాట. శ్రమ మధ్యస్థంగా ఉన్నప్పుడు మనిషి మాట్లాడగలడు గాని పాడలేడు. శ్రమ మితిమీరితే రెండు మూడు మాటలకే ఊపిరి తీసుకోవలసి వస్తుంది. ఒంటరిగా వెళ్ళేవాడికి మాట్లాడటానికి ఎవరున్నారు? నేను చిన్ననాడు బడిలో కంఠస్థం చేసిన వేమన పద్యాలను పైకి చదువుకుంటాను. ఆటవెలదిలో ఒక పాదం ఒక్క ఊపిరిలో పూర్తయితే శ్రమ హద్దులో ఉన్నట్లు. పాదం మధ్యలో ఊపిరి తెగితే గేరు తగ్గించాలి. తగ్గించినా తెగుతూ ఉంటే దిగి నడవాలి. దారిన పోయేవారు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

మరొక జాగ్రత్త. వికారాబాదు నుండి బయలుదేరిన కొద్ది సేపటికే అనంతగిరి ఎక్కుడు మొదలవుతుంది. చలిలో రక్తనాళాలు ముడుచుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది. గుండెపోట్లు తెల్లవారిన తరువాతి గంటలలో ఎక్కువగా వస్తాయని చాలాకాలంగా తెలిసిన విషయమే. అందువల్ల సూర్యోదయం అయ్యాకనే బయలుదేరి, పట్టణంలోని చదునైన వీధులలో పదిహేను నిమిషాలు తేలికగా తొక్కి, ఒళ్ళు వెచ్చబడ్డాక కొండ వైపు తిరుగుతాను.

దిగుడు

చూసేవారికి ఎక్కుడు ప్రమాదకరంగా, దిగుడు సుఖంగా కనిపిస్తుంది. ఎముకల విషయంలో మాత్రం దిగుడే ప్రమాదకరం. వేగం రెట్టింపు అయితే బ్రేకు వేశాక ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది. వయసుతో పాటు చూపు సర్దుకొనే వేగం, చెయ్యి స్పందించే వేగం తగ్గుతాయి. చెట్ల నీడ నుండి ఎండలోకి, ఎండ నుండి నీడలోకి వచ్చిన ప్రతిసారీ వృద్ధుల కన్ను క్షణకాలం తడబడుతుంది. శుక్లాలు ఉన్నవారికి ఇది మరీ ఎక్కువ. ఘాట్ రోడ్డులో గుంత సరిగ్గా ఆ నీడలోనే ఉంటుంది. ఎముకలు గుల్లబారిన వయసులో తుంటి విరిగితే ఎన్ని నెలలు మంచాన పడవలసి వస్తుందో మా వార్డులలో చూసినవాణ్ణి గనుక, మలుపు రాకముందే రెండు బ్రేకులనూ సమంగా నొక్కి వేగం తగ్గించుకుంటాను. మలుపులో ఉండగా గట్టిగా నొక్కితే చక్రం జారుతుంది. శిరస్త్రాణం, వెనుక వచ్చే బండ్లను చూపే చిన్న అద్దం, పగటిపూట కూడా వెలిగే ఎర్రదీపం తప్పక ఉండాలి. వినికిడి తగ్గినవారికి ఆ అద్దమే చెవి.

దిగుడులో కాళ్ళను పూర్తిగా నిలిపివేయకూడదు. శ్రమ చేసేటప్పుడు కాళ్ళలోని రక్తనాళాలు బాగా విప్పారి ఉంటాయి. పిక్కల కండరాలు ముడుచుకున్నప్పుడల్లా అక్కడి రక్తాన్ని గుండె వైపు నెడతాయి. ఎత్తు ఎక్కి, ఒక్కసారిగా సైకిలు దిగి కదలకుండా నిలబడితే రక్తం కాళ్ళలోనే నిలిచి, రక్తపోటు పడిపోయి, కళ్ళు బైర్లు కమ్ముతాయి. రక్తపోటుకూ ప్రొస్టేటు గ్రంథికీ మందులు వాడే పెద్దలలో ఇది మరింత ఎక్కువ. కొండ ఎక్కాక కొంచెంసేపు తేలికగా తొక్కుతూ ఉండి అప్పుడు ఆగాలి. దిగుడులోనూ బలం పెట్టకుండా కాళ్ళు తిప్పుతూ ఉండాలి.

దిగుడుకు మరొక ప్రయోజనం ఉంది. దిగుడు మొదలైన రెండు నిమిషాలలో నాడి ఎంత తగ్గిందో చూసుకోవడం మంచి అలవాటు. మొదటి గుట్టకు చక్కగా తగ్గిన నాడి, అయిదో గుట్టకు తగ్గకుండా నిలిచిపోతే నిల్వ తరుగుతున్నదని అర్థం. అప్పుడు విశ్రాంతి తీసుకోవాలి, నీళ్ళు తాగాలి. ఎక్కేటప్పుడు ఎంత గొప్పగా ఎక్కామన్న దానికన్నా, దిగేటప్పుడు ఎంత త్వరగా కోలుకున్నామన్నదే వృద్ధుడికి ముఖ్యం.

నీరు, ఉప్పు, ఆహారం

ధారూర్ దగ్గర రోడ్డు పక్క చాయ్ హోటలు వద్ద ఆగాను. అక్కడ ఉన్న పెద్దాయన ఒకరు సైకిలును చుట్టూ తిరిగి చూసి, “ఒక్కలే వచ్చిండ్రా సారూ? గీ వయసుల గా ఘాటు మల్ల ఎక్కుతరా?” అని అడిగాడు. ఎక్కలేకపోతే నడుస్తానని చెప్పాను. “మంచిదే. ఎండ ముదరకముందే మర్లుండ్రి. జర నీళ్ళు తాగి పోండ్రి” అన్నాడు. వైద్య గ్రంథాలలో ఉన్న సలహానే ఆయన నాలుగు మాటలలో చెప్పాడు.

వృద్ధులలో దాహం సరిగా తెలియదు. ఒంట్లో నీరు తగ్గినా మెదడుకు ఆ సంకేతం మందకొడిగా చేరుతుంది. అందుచేత దాహం వేసేవరకు ఆగకుండా పదిహేను ఇరవై నిమిషాలకొకసారి రెండు మూడు గుక్కలు తాగాలి. అలాగని అదేపనిగా మంచినీళ్ళు లీటర్లకొద్దీ తాగడమూ తప్పే. చెమటతో ఉప్పు పోయి, పైగా ఉప్పులేని నీరు ఎక్కువైతే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతి, మత్తు, తికమక కలుగుతాయి. రక్తపోటుకు థయజైడ్ వర్గపు మూత్రకారక మాత్రలు వాడేవారికి ఈ ప్రమాదం ఎక్కువ. నేను ఒక సీసాలో మంచినీళ్ళు, మరొక సీసాలో ఓ.ఆర్.ఎస్. ద్రావణం తీసుకువెళతాను. పొట్లం మీద ఎంత నీటికని వ్రాసి ఉంటే అంత నీటిలోనే కలపాలి. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ కూడా మంచిదే. గుండె బలహీనత గానీ, మూత్రపిండాల జబ్బు గానీ ఉన్నవారు ఎంత నీరు, ఎంత ఉప్పు తీసుకోవాలో తమ వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవాలి.

మధుమేహులకు ప్రత్యేకంగా ఒక మాట. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారికి దారిలో చక్కెర పడిపోవచ్చు. చెమట, వణుకు, ఆకలి, గుండెదడ దాని లక్షణాలు. చిక్కేమిటంటే, సైకిలు తొక్కేటప్పుడు చెమటా దడా ఎలాగూ ఉంటాయి కాబట్టి అసలు ప్రమాదం గుర్తుకు రాదు. జేబులో మూడు చెంచాల చక్కెరకు సమానమైన గ్లూకోజు పొడి ఉండాలి. అనుమానం వచ్చిన వెంటనే ఆగి, తిని, పదిహేను నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించుకోవాలి. దీర్ఘ వ్యాయామం చేసిన రోజు రాత్రి నిద్రలో కూడా చక్కెర పడిపోయే అవకాశం ఉంది గనుక ఇంట్లోవారికి ఆ సంగతి చెప్పి ఉంచాలి.

వెనుదిరిగే చోటు

కోట్‌పల్లి జలాశయంలో ఆ ఉదయం నీరు నిండుగా ఉన్నది. యువతీయువకులు రంగురంగుల చిన్న పడవలలో తెడ్లు వేస్తున్నారు. గట్టు మీద కూర్చొని రెండు అరటిపండ్లు, కొన్ని వేరుశనగలు తిన్నాను. మెడ వెనుక కొంచెం పట్టేసినట్లుగా ఉంది. వంపు హ్యాండిలు సైకిలుపై ముందుకు వంగి, తల పైకెత్తి చూడవలసి వస్తుంది. మెడ ఎముకల అరుగుదల ఉన్నవారికి ఇది సరిపడదు, వారు నిటారు హ్యాండిలు వాడుకోవడం మేలు. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కితే అరచేతి మొదట్లో అల్నార్ నాడి నొక్కుకుపోతున్నదని అర్థం. చేతుల భంగిమ మారుస్తూ ఉండాలి. సీటు వద్ద తిమ్మిరి రాకుండా పది నిమిషాలకొకసారి పెడళ్ళపై లేచి నిలబడాలి.

అక్కడ కూర్చొని నేను ప్రతి ఏడూ ఒకే లెక్క వేస్తాను. ఇప్పటివరకు ఖర్చు చేసినంత మళ్ళీ ఖర్చు చేసినా, ఇంకా ఘాట్ రోడ్డుకు మిగులుతుందా? మిగలదనిపిస్తే సైకిలును ఆటోలో వేసుకొని రావడానికి నాకు అభ్యంతరం లేదు. అందుకు సరిపడా డబ్బు ఎప్పుడూ జేబులో ఉంటుంది. ఒంటరిగా వెళ్ళడంలో నాకు కనిపించే పెద్ద లాభం ఇదే. గుంపుతో వెళితే ఇతరుల వేగానికి లోబడతాము. ముందువాడిని అందుకోవాలనే పంతం వస్తుంది, ఆగుదామంటే నామోషీ వేస్తుంది. ఒంటరివాడు ఎవరికీ సంజాయిషీ ఇవ్వకుండా ఆగిపోవచ్చు, తిరిగిపోవచ్చు. అలవాటు లేని తీవ్ర శ్రమ గుండెపోటు ప్రమాదాన్ని ఆ కొద్దిసేపు పెంచుతుందనీ, క్రమం తప్పకుండా వ్యాయామం చేసేవారిలో ఆ ప్రమాదం బాగా తక్కువనీ పరిశోధనలు తేల్చాయి. వృద్ధుల వ్యాయామంలో పంతం కన్న ప్రమాదకరమైనది లేదు.

ఫ్రాన్సు దేశీయుడు రాబెర్ మార్షాన్ 1911లో జన్మించాడు. 2014లో, 102 యేళ్ళ వయసులో, ఒక గంటలో 26.927 కిలోమీటర్లు సైకిలు తొక్కాడు. 2017 జనవరిలో, 105 యేళ్ళ వయసులో, అదే గంటలో 22.547 కిలోమీటర్లు తొక్కాడు. వార్తాపత్రికలు రెండో దానినీ మహా విజయంగానే ప్రకటించాయి. అది నిజంగా విజయమే. నాకు మాత్రం ఆ రెండు అంకెల నడుమ ఉన్న తేడా కూడా అంతే విలువైన పాఠంగా కనిపిస్తుంది. మూడేళ్ళలో నాలుగు కిలోమీటర్లకు పైగా తగ్గినా ఆయన సైకిలు ఎక్కడం మానలేదు. ఆయనను అధ్యయనం చేసిన వెరోనిక్ బిల్లా బృందం 101 నుండి 103 యేళ్ళ మధ్య ఆయన ప్రాణవాయువును వినియోగించుకొనే శక్తి 13 శాతం పెరిగిందని ప్రచురించింది. ఆ సాధనలో అయిదింట నాలుగు వంతులు తేలికపాటి తొక్కుడే. కాకపోతే ఆయన ఆ రికార్డులు నెలకొల్పింది పైకప్పు ఉన్న చదునైన మైదానంలో, చుట్టూ మనుషులు ఉండగా. మన ఘాట్ రోడ్డుకు ఆ సదుపాయం లేదు.

ఘాట్ రోడ్డు

కెరెల్లి దాటేసరికి ఎండ చురుక్కుమంటున్నది. మొదటి మలుపు వరకు వేమన పద్యం ఒక్కొక్క పాదం చొప్పున సాగింది. రెండో మలుపులో పాదం మధ్యలో ఊపిరి తెగింది. అతి చిన్న గేరు అప్పటికే వేసి ఉన్నాను. మరొక యాభై గజాలు వెళ్ళాను. మళ్ళీ తెగింది. దిగి, సైకిలు నెట్టుకుంటూ నడిచాను. గత సంవత్సరం ఇదే దారిలో ఒక్కచోట కూడా దిగలేదు. ఈసారి రెండు చోట్ల దిగాను.

నాడి చూసుకున్నాను. ఛాతీలో బరువు లేదు, దవడకో భుజానికో పాకే నొప్పి లేదు, చల్లని చెమట లేదు. నడకలో ఆయాసం మూడు నిమిషాలకు సర్దుకున్నది. వైద్యుడిగా సంతృప్తి పడ్డాను. మనిషిగా మాత్రం మనసు కొంత చివుక్కుమన్నది. సంవత్సరంలో ఈ దారి మారలేదు. నా నిల్వ ఆ రెండు మలుపుల మేరకు తరిగింది. ఏదో ఒక సంవత్సరం ఈ ఘాట్ మొత్తం నడవవలసి వస్తుంది. ఆ పై ఏడు కెరెల్లి వైపు దిగకుండా ఆలయం దగ్గరే వెనుదిరగవలసి వస్తుంది. ఈ క్రమం తప్పదు. దానిని ఒక వాహన ప్రమాదమో గుండెపోటో చెప్పేలోగా, పద్యపాదం చెప్పడం నా అదృష్టం. అడవిలో సైకిలు నెట్టుకుంటూ నడిచిన ఆ పావుగంటలో, తొక్కేటప్పుడు ఎన్నడూ చూడని పుట్టలనూ, ఎర్రరాతి చరియలోంచి ఊరే నీటి తడినీ చూశాను.

ఈ ఘాట్‌లో కొంతమేర ఫోను సంకేతం అందదు. ఆ సంగతి ముందే తెలుసు గనుక ఇంట్లో ఒక ఒప్పందం ఉంది. కెరెల్లి దగ్గర నుండి ఒక సందేశం, కొండపైన ఆలయం దగ్గర నుండి మరొకటి పంపాలి. రెండింటి నడుమ గంటన్నర దాటితే మా అబ్బాయి కారులో బయలుదేరుతాడు. నడవడం వల్ల ఈసారి గంటా పదిహేను నిమిషాలు పట్టింది. పైకి చేరి సందేశం పంపగానే శ్రీమతి ఫోను చేసి, “గడియారం చూస్తూ కూర్చున్నానండీ” అన్నది, అంతకు మించి ఏమీ అనలేదు. ఒంటరి ప్రయాణం అంటాము గాని, ఇంట్లో కూర్చొని ఆ గంటను మోసేవారు ఒకరుంటారు. వారి ఓపికను కూడా మన నిల్వలో లెక్కించుకోవాలి.

ఎవరు వెళ్ళవచ్చు?

1955లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చినప్పుడు చికిత్సలో పాల్గొన్న హృద్రోగ నిపుణుడు పాల్ డడ్లీ వైట్. గుండెపోటు వచ్చినవారిని వారాల తరబడి మంచానికే పరిమితం చేసే ఆ రోజులలో, ఆయన నడకనూ సైకిలునూ బాహాటంగా సమర్థించాడు, తానూ సైకిలు తొక్కేవాడు. గుండెజబ్బు వచ్చినంత మాత్రాన వ్యాయామం మానవలసిన పని లేదన్నది నేటి వైద్యం కూడా అంగీకరించిన విషయమే. అయితే ఎంత, ఎలా అన్నది పరీక్షించి నిర్ణయించాలి.

శ్రమ చేసినప్పుడు ఛాతీ బరువు, అసాధారణమైన ఆయాసం, స్పృహ తప్పడం వంటివి ఎన్నడైనా వచ్చినవారు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు, గుండె కవాటం సన్నబడినవారు, మూర్ఛవ్యాధి ఉన్నవారు ఒంటరిగా వెళ్ళరాదు. కొత్తగా మొదలుపెట్టేవారు ముందు వైద్య పరీక్ష చేయించుకొని, చదునైన దారిలో, తోడుతో, పది కిలోమీటర్ల లోపు నుండి నెలల తరబడి పెంచుకుంటూ రావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం సూచించింది. 65 దాటినవారు అందుకు తోడు వారంలో మూడు రోజులైనా తూకానికీ కండబలానికీ సంబంధించిన వ్యాయామాలు చేయాలని కూడా చెప్పింది. సైకిలు మీద మన బరువు సీటు మోస్తుంది గనుక ఎముకలకు దానివల్ల పెద్దగా బలం చేకూరదు. కాబట్టి సైకిలు తొక్కేవారు నడక కూడా మానరాదు.

వెళ్ళేవారు ఒక చీటీ మీద పేరు, వయసు, వాడే మందులు, పడని మందులు, ఇంటి ఫోను నంబరు వ్రాసి చొక్కా జేబులో ఉంచుకోవాలి. ఫోను తాళం తీయకుండానే ఈ వివరాలు కనిపించే ఏర్పాటు కూడా చేసుకోవచ్చు. మన రాష్ట్రాలలో 2005 నుండి 108 సేవ ఉంది. ఛాతీలో బరువు పది నిమిషాలలో తగ్గకపోతే ఇంటికి చేరాక చూద్దామనుకోకుండా, అక్కడే కూర్చొని 108కి ఫోను చేయాలి, దారిన పోయేవారిని ఆపాలి. మధుమేహులలో నొప్పి లేకుండానే, కేవలం ఆయాసంగానో నిస్త్రాణగానో గుండెపోటు రావచ్చునని మరువరాదు.

ఇక నా శ్రీమతి ప్రశ్నకు సమాధానం. దారిలో నాకేమైనా అయితే చూసేదెవరో నేను చెప్పలేను. ఇంట్లో కుర్చీలో కూర్చున్నా ఏమీ కాదని కూడా చెప్పలేను. నేను ఇవ్వగలిగిన హామీ ఒక్కటే. ఇంటికి తిరిగి వచ్చేసరికి ఇంకా కొంచెం మిగిలి ఉండేలా తొక్కుతాను. మిగలదని తెలిసిన ఏడాది వెళ్ళను. వచ్చే కార్తీకంలో ఘాట్‌లో మూడు చోట్ల దిగవలసి వస్తే మూడు చోట్ల దిగుతాను. పాఠకులలో నా ఈడువారు ఎవరైనా ఆ దారిన వస్తే, సైకిలు నెట్టుకుంటూ పద్యం చదువుకొనే ముసలివాణ్ణి పలకరించండి. ఒక పాదం పూర్తయ్యేవరకు మాత్రం ఆగండి.